తూర్పు స్టాండు టిక్కెట్టు

సినిమా చూసొచ్చినవాణ్ణి "ఎలా ఉందోయ్?" అని అడిగి చూడండి. కథ చెప్తాడు, పాటలు చెప్తాడు, హీరోయిన్ కట్టిన చీరల రంగులు చెప్తాడు. మరికాస్త ఓపికుంటే హాలు సంగతి కూడా చెప్తాడు. ఫ్యాన్లు తిరగలేదనీ, ముందువరసలో వాడి తలకాయ అడ్డమొచ్చిందనీ, ఇంటర్వెల్లో ఇచ్చిన సోడాలో గ్యాసు లేదనీ! మ్యాచి చూసొచ్చినవాడు మాత్రం స్కోరు చెప్పి ఊరుకుంటాడు. గ్రౌండు ఎలా ఉందని అడిగే నాథుడే లేడు. ఇదేం న్యాయమండీ? మూడు గంటల సినిమాకే హాలు అంత ముఖ్యమైనప్పుడు, పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండలో కూర్చోబెట్టే స్టేడియం ఇంకెంత ముఖ్యం!

సంపాదకులుగారు ఈసారి "ఏదైనా ప్రయాణం గురించి రాయండి" అన్నారు. ఊటీ, అరకు, కాశ్మీరు... షూటింగుల పుణ్యమా అని మన పాఠకులకి అవన్నీ కంఠోపాఠం. అందుకని నేను పది కిలోమీటర్ల ప్రయాణం గురించి రాస్తున్నాను. హైదరాబాదులో ఫతే మైదాన్ దగ్గర్నించి ఉప్పల్ దాకా. నవ్వకండి. ఆ పది కిలోమీటర్లు దాటడానికి మా మామయ్యకి ఇరవై ఏళ్లు పట్టింది.

1983 సెప్టెంబరు 10, శనివారం. నాకప్పుడు పదకొండేళ్లు. ఆ జూన్ 25న కపిల్‌దేవ్ జట్టు లార్డ్స్‌లో ప్రపంచకప్పు గెలిచింది కదా, ఆ తర్వాత మన గడ్డమీద ఆడిన మొట్టమొదటి మ్యాచి హైదరాబాదులో పెట్టారు. అదీ పాకిస్తాన్‌తో! ఊళ్లో అంతర్జాతీయ వన్డే జరగడం కూడా అదే మొదలు. నేను తెనాల్లో రెండ్రోజులు అన్నం మానేసి, నాన్నని లొంగదీసి, రాత్రి రైలెక్కి చిక్కడపల్లిలో మా మామయ్య ఇంట్లో దిగాను.

మామయ్య అప్పుడు సెక్రటేరియట్లో గుమాస్తా. పొద్దున్నే అత్తయ్య ఇంత పులిహోర స్టీలు డబ్బాలో కూరి, మీద గుడ్డ కట్టి ఇచ్చింది. బస్సెక్కుతామనుకున్నాను నేను. "బస్సెందుకురా? మన గ్రౌండు పెరట్లోనే ఉందిగా" అని మామయ్య నడక సాగించాడు. నారాయణగూడ, హైదర్‌గూడ, బషీర్‌బాగ్. దారి పొడుగునా మాలాగే డబ్బాలు పట్టుకున్నవాళ్లు! ఒక సందులోంచి నలుగురు, ఇంకో సందులోంచి పదిమంది. బషీర్‌బాగ్ చేరేసరికి అది పెళ్లి ఊరేగింపంత అయింది. స్టేడియం కనపడకముందే మ్యాచి మొదలైపోయినట్టుండేది. నా దృష్టిలో స్టేడియానికి మొదటి మెట్టు గేటు దగ్గర ఉండదు. ఇంటి గడప దగ్గర ఉంటుంది.

ఫతే మైదాన్ అంటే విజయ మైదానం. 1687లో గోలకొండని ముట్టడించిన ఔరంగజేబు సైన్యం ఇక్కడ గుడారాలు వేసిందనీ, గెలిచాక ఈ పేరు పెట్టారనీ అంటారు. 1955 నవంబర్లో హైదరాబాదు మొదటి టెస్టు ఇక్కడే జరిగింది, న్యూజీలాండుతో. కెప్టెన్ మన హైదరాబాదీ గులాం అహ్మద్. పాలీ ఉమ్రీగర్ 223 కొట్టాడు. టెస్టుల్లో భారతీయుడు చేసిన మొదటి డబుల్ సెంచరీ అది. 1967లో లాల్‌బహదూర్ స్టేడియం అని పేరు మారింది. పేరైతే మారింది గానీ ఆటోవాడితో "ఫతే మైదాన్" అంటేనే తిన్నగా తీసుకెళ్లేవాడు. ఇక మన సినిమా పాఠకులకి ఇంకో సంగతి గుర్తుండే ఉంటుంది. 1983 జనవరి 9న ఎన్.టి.రామారావుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది రాజ్‌భవన్లో కాదు, ఈ గ్రౌండులో, జనం మధ్య. అంటే ఆ ఒక్క ఏడాదిలోనే ఆ గడ్డి రెండు బ్లాక్‌బస్టర్లు చూసిందన్నమాట.

దాని గొప్పతనమంతా అది ఉన్నచోటులో ఉంది. ఓపక్క నిజాం కాలేజీ. ఓపక్క అసెంబ్లీ, పబ్లిక్ గార్డెన్స్. నాలుగడుగులేస్తే ఆబిడ్స్. తల ఎత్తితే నౌబత్ పహాడ్ మీద తెల్లగా బిర్లా మందిరం. స్టాండ్ల కిందంతా ఆటసామాన్ల కొట్లు. బ్యాటు కొనడానికి వచ్చినవాడికి లోపల చప్పట్లు వినిపిస్తే, బేరం మధ్యలో ఆపి "ఎవరు అవుట్?" అని అడుగుతాడు. కొట్టువాడు చెప్తాడు. ఇలా లోపలా బయటా కలిసిపోయిన గ్రౌండుని నేను మళ్లీ చూళ్లేదు.

ఆ రోజు మాది తూర్పు స్టాండు. అది ఎందుకు చవకో మామయ్య అప్పుడే పాఠం చెప్పాడు. క్రికెట్ పిచ్‌ని సుమారుగా ఉత్తర దక్షిణాలుగా వేస్తారు. సాయంత్రపు ఎండ బ్యాట్స్‌మన్ కళ్లలో పడకూడదని ఆ ఏర్పాటు. బ్యాట్స్‌మన్ కళ్లు కాపాడారు సరే, ఆ ఎండ ఎక్కడికి పోతుంది? తిన్నగా వచ్చి తూర్పు స్టాండులో కూర్చున్నవాడి మొహం మీద పడుతుంది! పడమటివైపు పెద్దమనుషులకి మధ్యాహ్నానికల్లా వెనకనించి నీడ దిగుతుంది. మనకి ఎండ పెరుగుతుంది. "పడమర బాల్కనీ, తూర్పు నేల టిక్కెట్టు. ఈలలెక్కడ వేస్తారు మరి?" అన్నాడు మామయ్య. నిజమే. పడమటివైపు చప్పట్లు చేతిరుమాలు మీద కొట్టినట్టుండేవి. మా వైపు మాత్రం పండగ! ఇండియా 4 వికెట్లతో గెలిచింది. మొహం చెంప దెబ్బలు తిన్నట్టు ఎర్రగా కందిపోయి ఇంటికొచ్చాను. ఇంతవరకూ నేను చూసిన సినిమాల్లో అంత మంచిది లేదు.

తూర్పు స్టాండులో మామయ్యకి ఒక జట్టు ఉండేది. నలుగురు. మామయ్య, ఓ హోమియోపతీ డాక్టరు, ఓ బ్యాంకు ఉద్యోగి, బషీర్‌బాగ్‌లో ఉండే ఓ టైపిస్టు. టైపిస్టుగారికి చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు సరిగా ఉండేది కాదు. చంకలో కర్ర. అందరికంటే ముందొచ్చి, గేటు దాటగానే ఉన్న కింది వరసలో, కర్ర అడ్డంగా పెట్టి నలుగురికీ చోటు ఆపేవాడు. పెద్ద మ్యాచిలే అక్కర్లేదు. రంజీ మ్యాచి ఉన్నా సరే, ఆఫీసునించి లంచ్ టైములో వచ్చి పది ఓవర్లు చూసి, మళ్లీ వెళ్లి ఫైళ్ల మీద కూర్చునేవారు. హైదరాబాదు రంజీ ట్రోఫీ గెలిచిన 1986-87 సీజన్లో మా మామయ్య సీఎల్ ఒక్కటి కూడా మిగల్లేదని అత్తయ్య ఇప్పటికీ సాధిస్తుంది. 1999 నవంబరు 8న టెండూల్కర్ 186 నాటౌట్, ద్రావిడ్ 153 కొట్టి, 331 పరుగులు జోడించినప్పుడు కూడా ఆ నలుగురూ ఆ వరసలోనే ఉన్నారు. వన్డేల్లో అప్పటికి ఏ వికెట్టుకైనా అంత పెద్ద భాగస్వామ్యం లేదు.

2003 నవంబరు 15. మళ్లీ న్యూజీలాండే. సెహ్వాగ్ 130, టెండూల్కర్ 102. అదే ఫతే మైదాన్‌లో ఆఖరి అంతర్జాతీయ మ్యాచి అని ఆ రోజు ఎవరూ అనుకోలేదు. చివరాట అని బోర్డు పెట్టి తీసేసిన సినిమా కాదుగా. 2005 నవంబరు 16న దక్షిణాఫ్రికా వచ్చేసరికి ఆట ఉప్పల్‌కి మారిపోయింది.

మారడానికి కారణాలు లేకపోలేదు. లాల్‌బహదూర్ స్టేడియం క్రీడాశాఖది. క్రికెట్ సంఘానికి సొంత గూడు కావాలి. ఊరి నడిబొడ్డున ముప్ఫైవేలమంది పట్టే గ్రౌండుని పెంచుదామంటే ఏ పక్కకి పెంచుతారు? ఓపక్క కాలేజీ, ఓపక్క రోడ్డు. పైగా అది సభల గ్రౌండు కూడా. 2004లో రాజశేఖరరెడ్డిగారు, 2023 డిసెంబర్లో రేవంత్‌రెడ్డిగారు ప్రమాణస్వీకారాలు చేసింది అక్కడేగా. ఇదంతా నాకు తెలుసు, మామయ్యకీ తెలుసు. కానీ ఆయన ఉప్పల్ వెళ్లలేదు. 2009లో ఆస్ట్రేలియా మీద టెండూల్కర్ 175 కొట్టి మనం 3 పరుగుల తేడాతో ఓడిపోయిన రోజున నేను టిక్కెట్టు పట్టుకుని చిక్కడపల్లి వెళ్లాను. "నువ్వెళ్లిరారా. నేను టీవీలో చూస్తా" అన్నాడు. 2017లోనూ 2019లోనూ ఐపీఎల్ ఫైనల్ ఉప్పల్‌లో జరిగింది. రెండుసార్లూ ముంబయి ఒక్కటంటే ఒక్క పరుగుతో గెలిచింది. రెండుసార్లూ మామయ్య కుర్చీలోంచి కదల్లేదు. ముసలాయన పంతం, పాతకాలం మోజు అనుకున్నాను. అత్తయ్య కూడా అలాగే అనుకుంది.

ఈలోగా నేను ఉద్యోగరీత్యా నాలుగు ఊళ్లు తిరిగాను. ఎక్కడికెళ్లినా గ్రౌండు చూడ్డం నాకు అలవాటు. గుడి చూసేవాళ్లున్నట్టే. మద్రాసు చేపాక్ గురించి చెప్పాలి. కోడంబాకంలో తెలుగు సినిమా వెలిగిన రోజుల్లో మనవాళ్లకి ఆదివారం రెండే దార్లు. ఒకటి పాండీబజారు, రెండోది చేపాక్. 1934లో అక్కడ మొదటి టెస్టు జరిగినప్పుడు భారత కెప్టెన్ మన తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె.నాయుడు. ఆ గ్రౌండుకి ఎవరూ కట్టని అలంకారం ఒకటుంది. సముద్రం! మెరీనా అడుగుదూరం. మధ్యాహ్నం దాకా ఉడికించి ఉడికించి, సాయంత్రానికి గాలి వదులుతుంది. ఆ గాలి తగిలేసరికి జనం మొహాలు మారిపోతాయి. 1999 జనవరి 31న నేను అక్కడున్నాను. వీపునొప్పితో టెండూల్కర్ 136 కొట్టి అవుటయ్యాడు. పాకిస్తాన్ 12 పరుగులతో గెలిచింది. నా పక్కన ఓ పాత తెలుగు ప్రొడక్షన్ మేనేజరు కూర్చున్నాడు. కళ్లనీళ్లు తుడుచుకుంటున్నాడనుకుంటే, లేచి నిలబడి చప్పట్లు కొట్టడం మొదలెట్టాడు. స్టేడియమంతా నిలబడింది. పాకిస్తాన్ ఆటగాళ్లు గ్రౌండు చుట్టూ పరిగెత్తారు. ఆ జనం గొప్పవాళ్లే, కాదనను. కానీ ఆ గ్రౌండు కూడా అందులో ఒక పాత్ర వేసింది. ఆటగాడి మొహం కనపడేంత దగ్గర్లో కూర్చోబెట్టింది. మొహం కనపడినవాణ్ణి తిట్టడం కష్టమండీ.

విశాఖపట్నంలో పాత మునిసిపల్ స్టేడియం ఊళ్లో ఉండేది. 1988 డిసెంబర్లో శ్రీకాంత్ 70 కొట్టి 5 వికెట్లు కూడా తీసింది అక్కడే. తర్వాత ఆట మధురవాడకి, జాతీయ రహదారి పక్కకి పోయింది. దూరమే. కానీ కొండలున్నాయి. స్టాండు మీద తల ఎత్తితే ఆకుపచ్చగా కొండ. 2005 ఏప్రిల్ 5న జులపాల జుట్టు ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టిన రోజున ఆ కొండ కూడా వెనక్కి జరిగి చోటిచ్చినట్టే అనిపించింది! ఊరు వదిలి వచ్చినందుకు ఏదో ఒకటి ఇవ్వాలి కదా స్టేడియం. విశాఖ కొండనిచ్చింది.

గచ్చిబౌలి స్టేడియం ఉంది హైదరాబాదులోనే. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు అక్కడ జరిగాయి. తర్వాత హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ మ్యాచిలు కూడా. చూడ్డానికి చక్కని స్టేడియం. కానీ మైదానం చుట్టూ పరుగుపందేల ట్రాకు. ఆ ట్రాకు అవతల బంతి, ఇవతల మనం. గోల్ పడితే మొదట అటువైపు జనం లేస్తారు, తర్వాత మనకి తెలుస్తుంది. ఫుట్‌బాలంటే ఆటగాడి చెమట వాసన రావాలి. క్రికెట్‌కి ఆ ఇబ్బంది కొంత తక్కువ. బౌండరీ పిచ్ మధ్యనించి 65 గజాలకి తగ్గకూడదు, 90 గజాలకి మించకూడదని నిబంధన ఉంది. ఎటు కూర్చున్నా కాస్త దూరం తప్పదు కాబట్టి, ఏ కోణంలో కూర్చున్నామన్నదే ముఖ్యం. బౌలరు వెనక కూర్చుంటే బంతి ఎటు తిరిగిందో తెలుస్తుంది. పక్కన కూర్చుంటే ఎంత వేగంగా వచ్చిందో, ఎంత ఎత్తు లేచిందో తెలుస్తుంది. రెండూ ఒక్క టిక్కెట్టుకి రావు.

ఇంకో ఊళ్లో ఇంకో స్టేడియం. పేరు చెప్పను, అక్కడ మాకు బంధువులున్నారు. అక్కడ నా సీటు ముందు ఓ స్తంభం. నాటకాల్లో రాజుగారి సభలో ఉండేంత లావు. బౌలరు అటునించి పరిగెత్తుకుంటూ వచ్చి స్తంభం వెనక మాయమవుతాడు. ఇటునించి బ్యాట్స్‌మన్ తల వంచుకుని పెవిలియన్‌కి నడుస్తూ వస్తాడు. మధ్యలో ఏం జరిగిందో భగవంతుడికెరుక! డబుల్ యాక్షన్ సినిమాలో మాస్కు షాట్ చూసినట్టుంది. ఇక బాత్రూముల సంగతి రాస్తే సంపాదకులుగారు కత్తిరిస్తారు. ఒక్కమాట మాత్రం. కప్పులూ దీపాలూ గ్యాలరీలూ గీసేముందు, బొమ్మలు గీసే ఇంజనీరు తన భార్యనీ కూతుర్నీ తీసుకెళ్లి ఒక రోజంతా స్టాండులో కూర్చోవాలి. చాలు.

ఇప్పుడు అసలు ప్రయాణం.

2024 జనవరి 28, ఆదివారం. ఉప్పల్‌లో ఇంగ్లండుతో టెస్టు నాలుగో రోజు. మామయ్యకి డెబ్భై అయిదు దాటాయి. నేను ఏ ఆశా లేకుండానే "వస్తావా మామయ్యా?" అని అడిగాను. "టిక్కెట్టు ఎటువైపు?" అన్నాడు. గుండె ఝల్లుమంది. "నీకెటు కావాలంటే అటు." "తూర్పు" అన్నాడు. అంతే.

అత్తయ్య మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లి చింతపండు నానబెట్టింది. "బయటి తిండి లోపలికి రానివ్వరత్తయ్యా" అన్నాను. "ఎవరు రానివ్వరు? పులిహోరని?" అంది. ఆ స్టీలు డబ్బానే. మూత మీద సొట్ట నాకు గుర్తే.

చిక్కడపల్లి స్టేషన్లో మెట్రో ఎక్కాం. ఒక్క స్టేషను దాటితే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. సినిమా హాళ్ల పేట. పైనించి కటౌట్ల తలకాయలు మన ఎత్తుకి కనపడతాయి. కింద నిలబడి తల ఎత్తి చూసిన హీరోల్ని పక్కింటి కిటికీలోంచి చూసినట్టు చూడ్డం మామయ్యకి తమాషాగా అనిపించింది. పరేడ్ గ్రౌండ్స్ దగ్గర దిగి రైలు మారాలి. మెట్టుగూడ, తార్నాక, హబ్సిగూడ... ఒక్కో స్టేషన్లో నీలం చొక్కాలవాళ్లు ఎక్కుతున్నారు. తండ్రీకొడుకులు. చెంపల మీద జెండా వేయించుకున్న ఆడపిల్లలు. మామయ్య అందర్నీ చూస్తున్నాడు. "సందుల్లోంచి వచ్చేవాళ్లు చూడు, వీళ్లు ఇలా వస్తున్నారన్నమాట" అన్నాడు. స్టేషను పేరే 'స్టేడియం'. ఈ మెట్రో దారి 2017 నవంబరులో మొదలైంది. అంటే ఉప్పల్‌లో ఆట మొదలై పన్నెండేళ్లయిన తర్వాత. ఆ పన్నెండేళ్లూ స్కూటరో కారో లేనివాడి పాట్లు పడ్డవాడికే తెలుసు. బస్సు ఎక్కడో ఆపేస్తారు, ఆటోలు ఇంకెక్కడో ఆపేస్తారు, మిగతాది కాళ్లు చూసుకోవాలి.

దిగి నడుస్తుంటే రోడ్డు పక్కన ఓ టీ బండి కనపడింది. పులిహోర అక్కడే నిలబడి తిన్నాం. సగం మిగిలింది. మామయ్య డబ్బా మూత పెట్టి బండివాడి చేతిలో పెట్టాడు. "బాబూ, ఇది నీ దగ్గరుంచు. సాయంత్రం తీసుకుంటా. ఆకలేస్తే తినెయ్, డబ్బా మాత్రం జాగ్రత్త." వాడు నవ్వి బల్ల కింద పెట్టాడు.

లోపల మెట్లున్నాయి. మామయ్య మెల్లిగా, పైకి లెక్కపెడుతూ ఎక్కాడు. మధ్యలో ఆగి గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆయాసమేమోనని భయపడ్డాను.

"వాడు ఎక్కలేడురా" అన్నాడు.

"ఎవరు?"

"మా టైపిస్టు."

వెనకవాళ్లకి దారిచ్చి పక్కకి జరిగాం. అప్పుడు చెప్పాడు. 2005లో మొదటి మ్యాచికి నలుగురికీ టిక్కెట్లు కొన్నారట. ఆటో మాట్లాడుకుని బయల్దేరారట. ఆటోని చాలా ముందే ఆపేశారు. టైపిస్టుగారు కర్ర మీద సగం దూరం నడిచి, ఇక నా వల్ల కాదు మీరు వెళ్లండని కాలిబాట అంచు మీద కూర్చుండిపోయాడు. ముగ్గురూ నిలబడ్డారు. దూరంగా స్టేడియంలో కేకలు వినిపిస్తున్నాయి. తర్వాత నలుగురూ అదే ఆటోలో వెనక్కొచ్చి, బషీర్‌బాగ్‌లో టీ తాగి, ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయారు. "వాడు రాలేనిచోటికి మనమెందుకని మేం ముగ్గురం ఒక మాట అనుకున్నాం. వాడికి చెప్పలేదులే. చెప్తే బాధపడతాడు. టీవీలోనే బాగుంటుందనేవాళ్లం" అన్నాడు మామయ్య. డాక్టరుగారు, బ్యాంకాయన ముందే వెళ్లిపోయారు. టైపిస్టుగారు 2023లో పోయాడు.

నాకు నోట మాట రాలేదు. ఇరవై ఏళ్లు నేను పంతమనుకున్నది ఇదా!

పైకెళ్లి కూర్చున్నాం. సీటు విడివిడిగా ఉంది, అడ్డం ఏమీ లేదు, ముందువాడి తల మన మోకాళ్ల కిందికే ఉంది. మంచి సినిమా హాల్లో నేల వాలులాగా వరసల వాలు చక్కగా కుదిరింది. మామయ్య చుట్టూ చూశాడు. బిర్లా మందిరం లేదు, నౌబత్ పహాడ్ లేదు. గిన్నెలో కూర్చున్నట్టు చుట్టూ మనుషులే. "బాగానే కనపడుతోందిరా" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచి ఎంత కష్టపడి వచ్చిందో నాకే తెలుసు.

ఓలీ పోప్ 196 దగ్గర బుమ్రాకి బౌల్డయ్యాడు. డబుల్ సెంచరీకి నాలుగు పరుగుల దూరంలో అవుటైన పరాయివాడికి తూర్పు స్టాండు చప్పట్లు కొట్టింది. మామయ్య కొట్టాడు, నేనూ కొట్టాను. మనకి లక్ష్యం 231. ఏముంది, అయిపోతుందనుకున్నాం. హార్ట్‌లీ అనే కుర్రాడు, అదే వాడి మొదటి టెస్టు, ఒక్కొక్కర్నీ పంపడం మొదలెట్టాడు. బంతి ఎలా తిరుగుతోందో మా సీట్లలోంచి తెలియలేదు. పక్కకోణం కదా. బ్యాట్స్‌మన్ తల ఊపితే తిరిగిందనుకోవడమే. కానీ జడేజా పరుగుకి వెళ్లినప్పుడు స్టోక్స్ బంతి అందుకుని వెనక్కి విసిరాడు చూడండి, వికెట్టుకి తగిలింది. అంపైరు చూడకముందే మా స్టాండుకి తెలుసు. క్రీజుకి ఎంత దూరంలో ఉన్నాడో గీత గీసినట్టు కనపడింది. "రనౌట్ చూడాలంటే మన వైపే కూర్చోవాలి. వాడికి తెలియదు పాపం" అని పడమటివైపు చూపించాడు మామయ్య. నలభై ఏళ్లయినా పడమటివాళ్ల మీద ఆయన కసి తగ్గలేదు.

మూడింటికి ఎండ తిరిగింది. జనవరి ఎండైనా ఎండే. మామయ్య చేతిరుమాలు తలమీద కప్పుకున్నాడు. కళ్లు చికిలించి చూస్తున్నాడు. విశాఖ కుర్రాడు శ్రీకర్ భరత్, అశ్విన్ కలిసి 57 పరుగులు లాగారు. చెరో 28. స్టేడియం మళ్లీ లేచింది. ఇద్దరూ పోయారు. ఆఖర్న బుమ్రాకి తోడు సిరాజ్ వచ్చాడు. మన ఊరివాడు. వాడు క్రీజు దాకా నడిచినంతసేపూ హైదరాబాదు మొత్తం వాడి పేరు పిలిచింది. అలాంటి పిలుపు టీవీలో వినపడుతుంది గానీ, కూర్చున్న సీటు అదిరినట్టు తెలియదు. ఇద్దరూ 25 పరుగులు తెచ్చారు. రోజు ముగియడానికి కాసేపు ఉందనగా సిరాజ్ ముందుకొచ్చి కొట్టబోయి స్టంపౌట్. 28 పరుగులతో ఓడిపోయాం. హార్ట్‌లీకి 7 వికెట్లు.

ఎవరూ వెంటనే లేవలేదు. మామయ్య ముందు వరస దాకా దిగి, రెయిలింగు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. నేను పిలవలేదు.

బయటికి రావడమే పెద్ద పని. వేలమంది ఒక్కసారిగా రోడ్డు మీద పడ్డారు. ఫతే మైదాన్‌లో అయితే జనం పది దారుల్లోకి చీలి అరగంటలో కరిగిపోయేవారు. ఆబిడ్స్‌కి కొందరు, నాంపల్లికి కొందరు, ఇరానీ హోటళ్లకి కొందరు. ఇక్కడ అందరి దారీ దాదాపు ఒకటే. మామయ్య చేయి గట్టిగా పట్టుకుని స్టేషన్ దాకా తోసుకుంటూ వచ్చాను. రైల్లో ఓ కుర్రాడు లేచి ఆయనకి సీటిచ్చాడు. పరేడ్ గ్రౌండ్స్ దాకా ఆ కుర్రాడికి 1969 టెస్టు కథ చెప్పాడు మామయ్య. పటౌడి కెప్టెన్, జయసింహ కాలరు, వాన పడి మనం ఓటమి తప్పించుకున్న వైనం. కుర్రాడు నోరు తెరుచుకుని విన్నాడు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది.

"ఓడిపోయారటగా" అంది.

"అవును."

"కాళ్లెలా ఉన్నాయి?"

"ఉన్నాయి."

నా చేతులవైపు చూసింది, మామయ్య చేతులవైపు చూసింది. "డబ్బా ఏదీ?"

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. టీ బండి బల్ల కింద ఉండిపోయింది.

"ఎక్కడికీ పోదులేవే. మళ్లీ మ్యాచికి వెళ్లినప్పుడు తెస్తాలే" అని మామయ్య కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు.